వంటింటి విశేషాలు: మోచేతి కొలత నుంచి చీమకుర్తి చుక్కల దాకా

కొత్తింటికి వంటగది ఎలా ఉండాలని అనుకోగానే ముందు బొమ్మలు చూస్తాం. తెల్ల తలుపులు, మధ్యలో గట్టు, పైనుంచి వేలాడే దీపాలు. కానీ ప్రతి పద్ధతీ ఎక్కడో ఎవరికో పడిన అవసరంలోంచి పుట్టిందే. ఆ అవసరం మన ఇంట్లోనూ ఉంటే ఆ పద్ధతి మనకు నప్పుతుంది, లేకపోతే లేదు.

రైలు నేర్పిన వంటగది
ఇప్పటి మాడ్యులర్ కిచెన్‌కు మూలం 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది. ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటె షూటె-లిహోట్స్కీ, రైలు భోజనాల బోగీలో అంత ఇరుకులో అంతమందికి ఎలా వండుతున్నారో చూసి దీన్ని గీశారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో సుమారు 10 వేల ఇళ్లలో దీన్ని పెట్టారు. పిండి సొరుగులకు పురుగు పట్టకుండా ఓక్ చెక్క వాడారు. చిన్న ఫ్లాట్‌కు ఇప్పటికీ ఇది మంచి పాఠం. అయితే అందులో హాయిగా మసలగలిగేది ఒక్కరే. అత్తాకోడళ్లో, ఆలుమగలో కలిసి వండుకునే ఇంటికి చాలదు.

పేరు ఓడది
ఎదురెదురుగా రెండు గట్లున్న వంటగదిని గ్యాలీ అంటారు. ఓడలో వంటగది పేరు అది. పొడుగ్గా, సన్నగా ఉన్న గదికి సరిగ్గా నప్పుతుంది. ఒక్కరే వండితే గట్ల మధ్య 42 అంగుళాలు, ఇద్దరైతే 48 అంగుళాలు ఉండాలన్నది నిపుణుల లెక్క.

త్రిభుజం లెక్క
పొయ్యి, సింకు, ఫ్రిజ్‌లను కలుపుతూ గీత గీస్తే త్రిభుజం వస్తుంది. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగులు ఉంటే నడక తగ్గుతుంది. 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఈ ఆలోచన రూపుదిద్దుకుంది. ఎల్ ఆకారపు గట్టులో ఇది తేలిగ్గా కుదురుతుంది. మనకు నాలుగో మూల కూడా ఉంది: మిక్సీ, గ్రైండరు. వాటి చోటూ, ప్లగ్గూ ముందే గుర్తుపెట్టండి.

కనీసం ఎంత?
భోజనాల గది విడిగా ఉంటే వంటగది 5 చదరపు మీటర్లకు, వెడల్పు 1.8 మీటర్లకు తగ్గకూడదని మన జాతీయ భవన నియమావళి చెబుతోంది. అందులోనే కూర్చుని తినేటట్టయితే 7.5 చదరపు మీటర్లు ఉండాలి.

మోచెయ్యే కొలబద్ద
అమెరికాలో గట్టు ఎత్తు సాధారణంగా 36 అంగుళాలు. అక్కడి బొమ్మ చూసి ఆ ఎత్తే కట్టిస్తే మనలో చాలామందికి భుజాలు లాగుతాయి. వండేవారిని నిలబెట్టి, చెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. అందులోంచి 4 నుంచి 6 అంగుళాలు తీసేస్తే వచ్చేదే మీ గట్టు. గట్టు మీద పెట్టే స్టవ్ అయితే ఆ భాగాన్ని ఇంకాస్త దించండి. అప్పుడు పెద్ద గిన్నెలో గరిటె తిప్పడానికి చెయ్యి పైకెత్తనక్కర్లేదు.

ఐదు ముక్కల తలుపు
నాలుగు పట్టీల చట్రం, మధ్యలో ఒక పలక. వంటింటి అరలకు పెట్టే షేకర్ తలుపు ఇదే. 1774లో ఇంగ్లండ్ నుంచి అమెరికా వెళ్లిన ఒక క్రైస్తవ శాఖ పేరు దీనికి వచ్చింది. నగిషీలు వద్దు, పనికొస్తే చాలన్నది వారి నమ్మకం. చూడముచ్చటగా ఉంటుంది కానీ చట్రం అంచుల్లో పోపు జిడ్డు చేరుతుంది. పొయ్యి పక్కన మాత్రం నున్నటి తలుపులే మేలు.

పేరులోనే అభ్రకం
సన్‌మైకా అని మనం పిలిచే పలకలకు పెద్దన్న ఫార్మైకా. అది అలంకారం కోసం పుట్టలేదు. 1910లలో ఇద్దరు అమెరికా ఇంజినీర్లు విద్యుత్ పరికరాల్లో మైకాకు, అంటే అభ్రకానికి, బదులుగా తయారుచేశారు. అందుకే ఆ పేరు.

చీమకుర్తి చుక్కలు
నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ ప్రకాశం జిల్లా చీమకుర్తిది. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. విదేశాల్లో ఎన్నో వంటగట్ల మీద పరుచుకున్న రాయి ఇదే. పసుపు, నూనె, చింతపండు రోజూ పడే ఇంటికి ఇంతకన్నా నమ్మకమైన రాయి దొరకడం కష్టం.

చింతపండు పరీక్ష
పాలరాయిలోనూ, సున్నపురాయి జాతికి చెందిన కడప బండలోనూ ఉండేది కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే కరిగి మచ్చ పడుతుంది. తెల్ల పాలరాతి గట్టు మీద మనసుపడితే, ముందు ఒక ముక్క తెచ్చి రాత్రంతా పులుసు చుక్క వేసి ఉంచండి. తెల్లారేసరికి జవాబు తెలుస్తుంది.

సింకు కింద 710
సింకు కింది అరకు వాడే ప్లైవుడ్ మీద ఐఎస్ 710 అని ఉండాలి. అలా ఉంటే అది మెరైన్ రకం, నీటిని తట్టుకునేది. తలుపుల రంగు కోసం పెట్టే ఖర్చులో కొంత ఇక్కడికి మళ్లించండి.

గోడ తీసేస్తే
1937లో అమెరికాలోని మాడిసన్‌లో పూర్తయిన జేకబ్స్ కుటుంబం ఇంట్లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ వంటగదిని భోజనాల చోటు వైపు తెరిచి ఉంచారు. ఓపెన్ కిచెన్‌కు అదొక తొలి నమూనా. అమెరికాలోని మనవాళ్లు కొందరు ఓపెన్ కిచెన్ ఉంచుకుంటూనే, తాలింపులకూ వేపుళ్లకూ వెనకవైపు తలుపున్న స్పైస్ కిచెన్ కట్టించుకుంటున్నారు. ఇక్కడ యుటిలిటీలో రెండో పొయ్యి పెట్టుకున్నా అదే ఉపాయం.

వంట రాని ఆర్కిటెక్ట్
ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది గీసేనాటికి తనకు వంటే రాదని షూటె-లిహోట్స్కీ తర్వాత స్వయంగా చెప్పారు. ఆమె వండేవాళ్లను అడిగారు, ఏ పనికి ఎంత సమయం పడుతుందో లెక్కపెట్టారు. మీ ఇంటి ప్లాను గీసేవారికీ వంట రాకపోవచ్చు. వారిని ఒక్క పూట, పొద్దున టిఫిన్ వేళకు, మీ వంటింటి గుమ్మంలో నిలబెట్టండి.