నీటితీరువ చెరువునకే తిరిగి రావలెను



నీటితీరువ కట్టుడని చెప్పుటకై మేము ఎమ్మిగనూరు ప్రాంతమున ఒక గ్రామమునకు పోయియుండగా, ఒక వృద్ధ రైతు మమ్ము ఇట్లడిగెను: “అయ్యా, రసీదు మా ఇంట ఉన్నది. తూముకు తలుపు ఏదీ?” ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పక, తీరువ ఎగవేయుట తప్పని బోధించుట మాకు న్యాయముగా తోచలేదు.

మన పూర్వులు దీనికి ఉత్తర మెరిగియుండిరి. దత్తమండలములలో దశబంధమను ఏర్పాటు ఉండెడిది. చెరువు త్రవ్వించి గాని, బాగుచేయించి గాని, దానిని కాపాడు భారము వహించినవారికి ఇనాము ఇచ్చెడివారు. నిర్ణీతమైన భూమి నిచ్చినచో అది ఖండ దశబంధము. ఆయకట్టు రాబడిలో భాగమిచ్చినచో షామిలాతు దశబంధము. చెరువువలన వచ్చినదానిలో కొంత చెరువునకే చేరుట, చేరినదానికి ఒకరు జవాబుదారి యగుట, ఈ రెండే దాని బలము.

1997వ సంవత్సరపు సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టమునందును ఇదే తత్త్వము గలదు. తీరువలో భాగము మరమ్మతులకై నీటి వినియోగదారుల సంఘములకు చేరవలెను. గనుల విషయమునను 2015 లో జిల్లా ఖనిజ నిధి ఏర్పడెను. పాత కౌలుదారులు రాయల్టీలో 30 శాతమును, వేలమున పొందినవారు 10 శాతమును ఆ నిధికి చెల్లింపవలెను. గనులవలన బాధపడు గ్రామముల త్రాగునీటికిని, పరిసరముల రక్షణకును అది వినియోగపడవలెను.

తుంగభద్ర జలాశయమున 1953 లో సుమారు 133 టి.ఎం.సి.ల నీటికి చోటుండెను. పూడికచే 2016 నాటి కొలతలలో అది సుమారు 106 కు తగ్గెను. మన దిగువ కాలువకు ఆధారము ఆ జలాశయమే. అది తరిగినకొలది గ్రామపు చెరువు విలువ పెరుగును.

2024 డిసెంబరులో రాష్ట్రమున నీటి సంఘములకు ఎన్నికలు జరిగినవి. కావున సభ్యులకు మా మనవి:

1. తీరువ కట్టి రసీదు పొందుడు.

2. గ్రామమున వసూలైన దెంత, తిరిగి వచ్చిన దెంత యని సంఘమును అడిగి, రచ్చకట్టవద్ద బోర్డుపై వ్రాయించుడు.

3. వచ్చిన సొమ్మును మొదట తూము, మరవ, కట్టలకే ఖర్చుపెట్టించుడు. పూడికమట్టిని మీ మెట్టచేలకు తోలుకొనుడు. చెరువు లోతగును, చేను బలియును.

1938 లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున చేనేత సహకార సంఘమును స్థాపించిరి. సహకారమనగా నేమో మన ఊరికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. లెక్క కంటికి కనబడినచో సభ్యుడు సంతోషముగా చెల్లించును. ఆ వృద్ధునికి తూము తలుపు చూపగలిగిననాడు, మరుసటి తీరువ అడుగకయే వచ్చునని మా నమ్మకము.