రక్తం అన్నీ చెప్పదు!

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిచి చూడండి. కోచింగ్ సెంటర్లు, చీరల దుకాణాలు, వాటి మధ్యలో డయాగ్నస్టిక్ సెంటర్లు! పరగడుపున వెళ్లి రక్తమిచ్చి, సాయంత్రానికి కాగితం తెచ్చుకోవడం ఇప్పుడు పాల ప్యాకెట్ తెచ్చుకున్నంత మామూలైపోయింది. షుగరు, థైరాయిడ్ సరే... 'క్యాన్సర్ మార్కర్' అనే మాట కూడా ఆ కాగితాల్లోకి వచ్చి చేరింది. చిక్కంతా అక్కడే!

రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలిందనుకోండి. నొప్పి లేదు. డాక్టరుకు చూపించుకోవాలంటే సిగ్గు, భయం. 'ముందు రక్తపరీక్ష చేయించుకుందాంలే' అనిపిస్తుంది. సీఏ 15-3 చేయిస్తే 18 వచ్చింది. చాలా ల్యాబుల్లో 30 యూనిట్ల లోపుంటే నార్మలే. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లిపోతే గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది!

ఎందుకంటే సీఏ 15-3 అనేది కణాల పైన ఉండే ఒక ప్రొటీన్ తునక. రొమ్ము క్యాన్సర్ ముదిరి వేరేచోటికి పాకినప్పుడే ఇది రక్తంలో బాగా పెరుగుతుంది. తొలిదశలో చాలామందికి మామూలుగానే ఉంటుంది. పోనీ, పెరిగితే క్యాన్సరేనా? అదీ కాదు. కాలేయ జబ్బుల్లో, ఎండోమెట్రియోసిస్‌లో, గర్భంతో ఉన్నప్పుడూ పెరగొచ్చు. 1965లో కెనడా పరిశోధకులు కనిపెట్టిన సీఈఏ అయితే పొగతాగేవాళ్లలోనూ ఎక్కువే. అందుకే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2007లోనే వీటిని జబ్బు పట్టుకోవడానికి వాడొద్దంది.

మరి ఎందుకివి? జబ్బు ఎముకలకో, కాలేయానికో పాకి, మందులు వాడుతున్నవారిలో ఆ మందు పనిచేస్తోందా లేదా అన్నది స్కానింగులతో పాటు వీటినీ చూసి అంచనా వేస్తారు. కొత్త మందు మొదలెట్టిన 4-6 వారాల్లో అంకె ఒక్కోసారి పైకెగిరి, తర్వాత దిగుతుంది. అది చూసి ఇల్లంతా కంగారుపడటం, మందు మానేయడం... రెండూ తొందరపాటే.

అసలు డాక్టర్లు మొదట అడిగే బయోమార్కర్లు రక్తంలో ఉండవు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్లు, హెర్2... ఈ మూడూ బయాప్సీ ముక్కలోనే తెలుస్తాయి. ఏ మందు ఇవ్వాలో చాలావరకు తేల్చేవి అవే. 'సూది గుచ్చితే జబ్బు పాకుతుంది' అని భయపెట్టే బంధువు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. ఆ భయంతో బయాప్సీ వాయిదా వేయకండి.

రక్తంతో చేసే బీఆర్‌సీఏ పరీక్ష సంగతి వేరు. అది క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు, వంశపారంపర్యంగా వచ్చే ముప్పుందా అని చెబుతుంది. అమ్మకో, అక్కకో చిన్న వయసులోనే వచ్చి ఉంటే డాక్టరును అడగండి. ఇక కొత్త విశేషం... క్యాన్సర్ కణాల నుంచి రక్తంలోకి రాలే డీఎన్‌ఏను పట్టే పరీక్ష. ముదిరిన జబ్బులో ఈఎస్ఆర్1 జన్యువులో మార్పుందేమో ఇలా చూసి, ఎలాసెస్ట్రాంట్ అనే మాత్ర ఇవ్వడానికి అమెరికా 2023 జనవరిలో అనుమతించింది. గడ్డ తగిలినవాళ్లు పరుగెత్తాల్సింది మాత్రం దానికోసం కాదు. డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ లేదా అల్ట్రాసౌండ్, అవసరమైతే బయాప్సీ... వరస ఇదే.

అంతర్జాతీయ లెక్కల ప్రకారం మనదేశంలో 2022లో సుమారు 1.92 లక్షలమంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. దూరమని ఆగిపోయేవాళ్లకో మాట. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండానే లక్డీకాపూల్‌లో దిగొచ్చు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అక్కడికి దగ్గరే. పాత రిపోర్టులన్నీ ఓ ఫైల్లో పెట్టుకుని వెళ్లండి.