గో అంటే వెంట్ ఎందుకైంది? చిన్న తరగతులకు చెప్పే పద్ధతి



సాయంత్రం స్టడీ అవర్‌లో మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని చదివించే పని మా తొమ్మిదో తరగతి వాళ్ళది. అందులో ఇంగ్లీషు క్రియలు చెప్పడం నా వంతుకొచ్చింది. అక్కడ గమనించింది, చదివి తెలుసుకున్నది రాస్తున్నాను. మీరూ సెలవులకి ఇంటికెళ్తే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చెప్తారు గనుక పనికొస్తుంది.

ఇంగ్లీషులో నిన్న జరిగిన పని చెప్పాలంటే మామూలుగా క్రియ చివర 'ఇ, డి' చేరుస్తాం. ప్లే - ప్లేడ్, వాష్ - వాష్డ్. వేల క్రియలు ఇదే దారిన పోతాయి. సుమారు 200 మాత్రం ఈ దారికి రావు. గో - వెంట్, కమ్ - కేమ్, ఈట్ - ఏట్. చిక్కేమిటంటే పొద్దున లేచిన దగ్గర్నుండి అందరికీ కావలసిన మాటలే ఇవి. రావడం, పోవడం, తినడం, తాగడం, ఇవ్వడం, తేవడం అన్నీ ఇందులోవే.

రోజూ మనుషులు నడిచే కాలిబాట మీద గడ్డి మొలవదు. అలాగే రోజూ వాడే మాటల పాత రూపం చెరిగిపోదు. వెంట్ సంగతి ఇంకా తమాషా. పూర్వం ఇంగ్లీషులో 'వెండ్' అని ఇంకో క్రియ ఉండేది. దాని భూతకాలమే వెంట్. గో దాన్ని తీసుకుని తనదిగా చేసుకుంది.

మన తెలుగులో మాత్రం లేవా? పో - పోయాడు. ఆ లెక్కన రా - రాయాడు అవ్వాలి కదా! కాదు, వచ్చాడు అంటాం. పోనీ 'వచ్చలేదు' అందామా అంటే అదీ కుదరదు, మళ్ళీ రాలేదు అంటాం. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లలకి తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. రెండుసార్లు ఇదే కొండ ఎక్కుతున్నారు.

ఇప్పుడు అసలు విషయం. మూడో తరగతి తమ్ముడొకడు వాళ్ళమ్మ వచ్చి చూసి వెళ్ళిన మర్నాడు సంతోషంగా "మై మదర్ కమ్‌డ్" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆ తర్వాత పది రోజులు వాడు ఇంగ్లీషులో ఒక్క ముక్క మాట్లాడలేదు. అడిగితే తల దించుకునేవాడు.

ఆలోచించండి. కమ్‌డ్ అని వాడికి ఎవరూ నేర్పలేదు. పుస్తకంలోనూ లేదు. నియమం అర్థమైంది గనుకే సొంతంగా తయారుచేశాడు. ఇంగ్లీషు ఇంటి భాషైన పిల్లలు కూడా మొదట విన్నట్టు 'వెంట్' అంటారు, నియమం పట్టుబడ్డాక కొన్నాళ్ళు 'గోయెడ్' అంటారు, తర్వాత మళ్ళీ వెంట్‌కి వస్తారు. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ ఎక్కడా లేని మాటలు కల్పించి పిల్లల్ని అడిగింది. "ఈ మనిషికి రిక్ చేయడం వచ్చు, నిన్న ఏం చేశాడు?" అంటే ఎక్కువమంది 'రిక్డ్' అన్నారు. ఎన్నడూ వినని మాటకి బట్టీ పట్టిన జవాబు ఉండదు కదా! అంటే నియమం వాళ్ళ బుర్రలో ఉందన్నమాట. కాబట్టి 'కమ్‌డ్' అన్నవాడు మొద్దు కాదు, సగం దారి వచ్చినవాడు.

మిగతా సగం నడిపించడానికి నేను చేస్తున్నది ఇది.

1. పెద్ద పట్టిక ఒకేసారి ఇవ్వను. రోజుకి మూడు క్రియలే.

2. ఒకేలా పలికేవి ఒక గుంపుగా చెప్తాను. మారనివి: కట్ - కట్ - కట్, పుట్ - పుట్ - పుట్. చివరి రెండూ ఒకటే అయినవి: బ్రింగ్ - బ్రాట్ - బ్రాట్, థింక్ - థాట్ - థాట్. మొదటిదీ మూడోదీ ఒకటే అయినవి: కమ్ - కేమ్ - కమ్, రన్ - రాన్ - రన్. మూడూ వేరైనవి: డ్రింక్ - డ్రాంక్ - డ్రంక్. గో - వెంట్ - గాన్ కూడా మూడూ వేరైనదే, కానీ వెంట్ వేరే క్రియ నుంచి వచ్చింది గనుక దాన్ని విడిగా చెప్తాను.

3. ఒట్టి మాట కాకుండా వాక్యంలో పెడతాను. "ఎవ్రీ డే ఐ డ్రింక్ మిల్క్. ఎస్టర్‌డే ఐ డ్రాంక్ మిల్క్." నిన్న సంతకి పోయింది, వాగులో ఈదింది వాళ్ళనే చెప్పమంటాను.

4. 'డిడ్' వస్తే క్రియ మళ్ళీ మొదటి రూపానికి వెళ్తుంది. "డిడ్ యూ గో?" అనాలి, "డిడ్ యూ వెంట్?" అనకూడదు. మన పదో తరగతి అన్నలు కూడా ఇక్కడ జారుతుంటారు!

5. తప్పు పలికితే 'తప్పు' అనను. "మై మదర్ కమ్‌డ్" అంటే, "ఓ, యువర్ మదర్ కేమ్! వాట్ డిడ్ షి బ్రింగ్?" అని అడుగుతాను. సరైన మాట వాడి చెవిన పడుతుంది, కబురూ ఆగదు.

ఆ తమ్ముడిని కూడా ఇలాగే అడిగాను. చాలాసేపు చూసి, మెల్లగా "షి బ్రింగ్‌డ్ తునికి పళ్ళు" అన్నాడు. "షి బ్రాట్ తునికి పళ్ళు? వెరీ గుడ్!" అన్నాను. ఇప్పుడు రోజూ మాట్లాడుతున్నాడు, తప్పులతోనే. ఆ తప్పులు వాడకంలో పోతాయి. కానీ మూసుకున్న నోరు తెరిపించడం చాలా కష్టం.

అందుకే మిత్రులారా, చిన్నవాళ్ళు 'గోయెడ్' అన్నప్పుడు నవ్వకండి. వార్డెన్ గారికి ఒక మనవి. భోజనశాల గోడ మీద వారానికి ఒక గుంపు క్రియలు రాసుకోవడానికి కొంచెం చోటు, రెండు సుద్దముక్కలు ఇప్పిస్తే రాసే పని మేము చూసుకుంటాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థి