స్కోలియోసిస్ వలన కలిగే దీర్ఘకాలిక నొప్పి

స్కోలియోసిస్ అనగా వెన్నెముక ఒక పక్కకు వంగి, దానితో పాటు కొంత మెలితిరిగి ఉండే స్థితి. దీనినే పార్శ్వగూని అని కూడా అంటారు. ఈ స్థితి ఉన్నవారిలో కొందరిని వెన్నునొప్పి లేదా కాలినొప్పి ఏళ్ళ తరబడి బాధిస్తుంది. మూడు నెలలకు మించి కొనసాగే లేదా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. వంపును సరిచేయడం, నొప్పిని అదుపు చేయడం రెండు వేర్వేరు విషయాలు. వంపు అలాగే ఉన్నప్పటికీ నొప్పిని తగ్గించుకొని రోజువారీ పనులు చేసుకోవడం చాలామందికి సాధ్యమే.

వంపు కొలత

వంపును ఎక్స్‌రే సహాయంతో కొలుస్తారు. వంపు పై కొసన, కింది కొసన బాగా వాలి ఉన్న రెండు పూసల వెంబడి గీతలు గీసి, వాటి మధ్య కోణాన్ని లెక్కిస్తారు. ఈ పద్ధతిని 1948లో అమెరికాకు చెందిన ఎముకల వైద్యుడు జాన్ రాబర్ట్ కాబ్ వివరించాడు. అందువలన దీనికి కాబ్ కోణం అని పేరు వచ్చింది. ఈ కోణం 10 డిగ్రీలు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే స్కోలియోసిస్‌గా పరిగణిస్తారు. కౌమారంలో ఇది సుమారు 2 నుండి 3 శాతం మందిలో కనిపిస్తుంది. వీరిలో ఎక్కువమందికి స్పష్టమైన కారణం తెలియదు.

వంపుకు, నొప్పికి గల సంబంధం

కోణం పెద్దదైనంత మాత్రాన నొప్పి కూడా ఎక్కువగా ఉంటుందని చెప్పలేము. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు, చికిత్స తీసుకోని రోగులను సుమారు 50 సంవత్సరాల తరువాత పరిశీలించి 2003లో ఫలితాలను ప్రచురించారు. రోగులలో 61 శాతం మందికి దీర్ఘకాలిక వెన్నునొప్పి ఉండగా, పోలిక కొరకు తీసుకున్న ఇతరులలో 35 శాతం మందికి ఉంది. అయితే నొప్పి ఉన్న రోగులలో 68 శాతం మంది అది స్వల్పంగా లేదా ఒక మాదిరిగా మాత్రమే ఉందని తెలిపారు.

కారణాలు

* వంపునకు వెలుపలి వైపు కండరాలు ఎక్కువగా శ్రమించి అలసిపోతాయి.
* లోపలి వైపు కీళ్ళపై, పూసల మధ్య ఉండే డిస్కులపై భారం ఎక్కువై అవి త్వరగా అరుగుతాయి.
* నరాలు బయటకు వచ్చే మార్గాలు ఇరుకై, నొప్పి కాలిలోకి పాకుతుంది. నడిచేటప్పుడు పెరిగి, కూర్చుంటే లేదా ముందుకు వంగితే తగ్గడం దీని లక్షణం. నడివయస్సు దాటిన తరువాత అరుగుదల వలన ఏర్పడే స్కోలియోసిస్‌లో ఇది సాధారణం.
* నొప్పి చాలాకాలం కొనసాగితే నాడీవ్యవస్థ సున్నితంగా మారి, చిన్న ఒత్తిడిని కూడా నొప్పిగా గ్రహిస్తుంది. నిద్రలేమి, ఆందోళన దీనిని మరింత పెంచుతాయి.

వ్యాయామం

నొప్పి నిర్వహణలో వ్యాయామానిది ప్రధాన స్థానం. నడక, ఈత, పొట్ట మరియు వెన్ను కండరాలను బలపరచే వ్యాయామాలు ఉపయోగపడతాయి. నొప్పికి భయపడి పూర్తిగా పడుకొని ఉంటే కండరాలు బలహీనపడి నొప్పి పెరుగుతుంది. నొప్పి తక్కువగా ఉన్న రోజున పనులన్నీ ఒకేసారి చేయడం కూడా మంచిది కాదు. పనిని భాగాలుగా చేసి, మధ్యలో విశ్రాంతి తీసుకోవాలి. నీళ్ళ బిందె, పుస్తకాల సంచి వంటి బరువులను ఎప్పుడూ ఒకే వైపు మోయకుండా ఉండటం మేలు.

స్కోలియోసిస్ కొరకు ప్రత్యేకించిన వ్యాయామాలలో ష్రాత్ పద్ధతి ప్రసిద్ధమైనది. తానే ఈ స్థితితో బాధపడిన కథరీనా ష్రాత్ 1921లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో దీనిని నేర్పడం ప్రారంభించింది. ఇందులో దేహభంగిమను సరిచేసుకుంటూ, అణిగి ఉన్న వైపునకు గాలిని పీల్చడం నేర్పుతారు. దీనిని శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకోవాలి.

మందులు, ఇతర చికిత్సలు

వేడి కాపడం కండరాల బిగువును తగ్గిస్తుంది. ఐబుప్రోఫెన్ వంటి మందులు కొద్దికాలం ఉపశమనాన్ని ఇస్తాయి. వైద్యుని సలహా లేకుండా ఎక్కువకాలం వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాల దెబ్బ, గుండె సమస్యలు కలిగే ప్రమాదం ఉంది. నరాల నొప్పికి వేరే రకపు మందులు వాడతారు. నల్లమందు జాతి మందులకు అలవాటుపడే ప్రమాదం ఉన్నందున వాటిని చాలా జాగ్రత్తగా వాడాలి. ఎదిగే పిల్లలకు బ్రేసును వంపు పెరగకుండా ఉండేందుకు వాడతారు. పెద్దలలో అది వంపును సరిచేయదు. కొందరికి కొంత ఉపశమనం మాత్రం ఇస్తుంది. నొప్పి గురించిన ఆలోచనలను, అలవాట్లను మార్చుకొనే మానసిక చికిత్స కూడా సహాయపడుతుంది. దీని అర్థం నొప్పి కల్పితమని కాదు.

శస్త్రచికిత్స

వంపు పెరుగుతున్నా, నరాలు నొక్కుకుపోయినా, ఇతర చికిత్సలతో తగ్గకున్నా శస్త్రచికిత్సను పరిశీలిస్తారు. అయితే దాని వలన నొప్పి పూర్తిగా పోతుందన్న హామీ లేదు. అమెరికా వైద్యుడు పాల్ హారింగ్టన్ 1962లో వివరించిన లోహపు కడ్డీల పద్ధతి వంపును తగ్గించింది. కానీ నడుము వద్ద ఉండవలసిన సహజమైన లోవంపు కొందరిలో పోయి, తరువాతి కాలంలో నొప్పికి కారణమైంది. అందువలన నేటి శస్త్రచికిత్సలలో పక్క నుండి చూసినప్పుడు కనిపించే ఆకృతిని కూడా కాపాడుతారు.

వెంటనే వైద్యుని చూడవలసిన లక్షణాలు

* మలమూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి
* కాళ్ళలో బలహీనత పెరగడం
* జ్వరం లేదా కారణం లేకుండా బరువు తగ్గడంతో కూడిన నొప్పి
* రాత్రివేళ నిద్రలేపే నొప్పి

పిల్లలలో తీవ్రమైన నొప్పి ఉంటే దానిని వంపు వలన వచ్చినదేనని వదిలివేయరాదు. ఎముకలో గడ్డ, వెన్నుపాము సమస్య వంటి ఇతర కారణాలు ఉన్నాయేమో పరీక్షించాలి.