పది నంబరు పానా ఉందా?

నర్సంపేటలో అమ్మను డాక్టరుకు చూపించి కొత్తగూడకు తిరిగొస్తున్నాం. పాకాల దాటి అడవిలోకి వచ్చేసరికి పొద్దు గూకింది. వెనక సీట్లో ఉన్న అమ్మ కడుపులో తిప్పుతోందంటే బండి పక్కకు తీసి ఆపాను. కాసేపయ్యాక తాళం తిప్పితే ‘టక్’మన్న చప్పుడొక్కటే వచ్చింది. మళ్లీ తిప్పితే అదీ లేదు. లైట్లు కూడా ఆరిపోయాయి. సెల్లు తీస్తే సిగ్నల్ లేదు.

బానెట్ ఎత్తి, అమ్మ సెల్లు వెలుగులో చూశాను. బ్యాటరీ మీది క్లాంపు వదులై చేత్తో కదిపితేనే కదులుతోంది. బిగించాల్సింది ఒకే ఒక్క నట్టు! డిక్కీలో పనిముట్ల పెట్టె ఉండనే ఉంది. నూటికి పైగా ముక్కలు, తళతళలాడే పెట్టె, తక్కువ ధరకు వస్తోందని ఎగ్జిబిషన్‌లో కొన్నది. అందులోంచి పది నంబరు పానా తీసి పెడితే నట్టు మీద గిర్రున తిరిగింది. దాని నోరు వెడల్పుగా ఉంది. గట్టిగా నొక్కి రెండుసార్లు తిప్పేసరికి నట్టు అంచులు కూడా అరగడం మొదలైంది.

ఇరవై నిమిషాలకు ఒక ట్రాక్టర్ వచ్చింది. “ఏమైందన్నా?” అంటూ కుర్రాడు దిగాడు. “పది నంబరు పానా ఉన్నదా తమ్మీ?” అన్నాను. సీటు కింద చెయ్యి పెట్టి, నూనె మరకలతో నల్లబడ్డ పానా ఒకటి తీశాడు. నట్టు రెండు చుట్లు తిరిగింది. బండి స్టార్టయింది.

నూరు ముక్కల పెట్టె చేయలేని పని ఒక్క ముక్క చేసింది. ఇంట్లో కారుకు చిన్నాచితకా పనులు చేసుకోవడానికి ఏం కొనాలని ఎవరడిగినా ఇప్పుడు నేను ఈ కథతోనే మొదలుపెడతాను.

మెకానిక్ ఎంత దూరం?

ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న కొత్తగూడ మండలం 2016లో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. గంగారం వేరే మండలమైంది. జిల్లా మారినా అడవి మారలేదు, దూరాలూ మారలేదు. ఇక్కడ బైకుకు, ట్రాక్టరుకు చెయ్యి వేసేవాళ్లు దొరుకుతారు. కారు మొరాయిస్తే మాత్రం నర్సంపేటో, మహబూబాబాదో, వరంగలో. పల్లెల్లో మొదటి కారు చాలావరకు సెకండ్‌హ్యాండ్‌దే. మారుతీ 800 తయారీ 2014లోనే ఆగిపోయినా అది ఇంకా ఊళ్లలో తిరుగుతూనే ఉంది. ఆల్టోల సంగతి చెప్పక్కర్లేదు. నగరంలో బండి ఆగితే ఫోన్ చేసి టీ తాగుతూ కూర్చోవచ్చు. ఇక్కడ ఆగితే ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషి దారిలో ఉండిపోతారు. మేడారం జాతరప్పుడైతే మరీను. వెనకాల బండ్ల బారు ఆగుతుంది, మన తిట్లు మనం తినాలి.

అలాగని అందరం మెకానిక్‌లం కానక్కర్లేదు. టైరులో గాలి చూసుకోవడం, స్టెప్నీ మార్చడం, బ్యాటరీ క్లాంపు బిగించడం, ఫ్యూజు, బల్బు, వైపర్, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, ఆయిల్, కూలెంట్ మట్టం చూడటం... ఇంటి దగ్గర చేసుకోదగ్గవి ఇవి. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, గ్యాస్ కిట్టు జోలికి మాత్రం పోవద్దు. ఎన్ని పనిముట్లున్నా సరే.

ముందు డిక్కీ చూడండి

కొనడానికి దుకాణానికి వెళ్లేముందు డిక్కీలో చాప ఎత్తి చూడండి. జాకీ, దాని కడ్డీ, వీల్ పానా, స్టెప్నీ... బండితోపాటు కంపెనీ ఇచ్చినవి ఇవి. సెకండ్‌హ్యాండ్ బండిలో వీటిలో ఏదో ఒకటి కచ్చితంగా మాయమై ఉంటుంది. బేరం దగ్గర పాటలు, స్పీకర్లు చూసుకుంటాం గానీ జాకీ అడిగేవాళ్లు అరుదు. స్టెప్నీ ఉన్నా అందులో గాలి ఉండదు. ఈ మధ్య కొన్ని బండ్లకు స్టెప్నీ బదులు పంక్చర్ కిట్టు మాత్రమే ఇస్తున్నారు. మీది ఏదో ముందే తెలుసుకోవాలి.

తర్వాత ఒక ఆదివారం వాకిట్లో చక్రం విప్పి చూడండి. అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. షాపులో గాలి తుపాకీతో బిగించిన నట్లు కంపెనీ ఇచ్చిన పొట్టి పానాకు కదలవు. మా ఇంట్లో మొదటిసారి ఇద్దరం ఎక్కి తొక్కినా కదల్లేదు. పొడుగు పిడి ఉన్న ఎల్ రాడ్ గానీ, కూడలి ఆకారంలో ఉండే వీల్ పానా గానీ మూడు, నాలుగు వందలకు దొరుకుతుంది. పిడి పొడుగైనకొద్దీ బలం తక్కువ సరిపోతుంది. అది కొన్నాక మా ఆవిడ ఒక్కతే చక్రం మార్చింది. నట్లు మాత్రం చక్రం నేల మీద ఉన్నప్పుడే సగం వదులు చేయాలి, పైకి లేపాక కాదు. బిగించేటప్పుడు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగువు చూసుకోవాలి.

ఆరు పానాలు చాలు

ఒక చివర నోరు, ఇంకో చివర రింగు ఉండే పానాలు కొనండి. నోరు నట్టును రెండు వైపులే పట్టుకుంటుంది, రింగు చుట్టూ పట్టుకుంటుంది. బిగుసుకుపోయిన నట్టుకు ముందు రింగే పెట్టాలి. మారుతీ వంటి జపాన్ పద్ధతి బండ్లలో ఎక్కువగా కనిపించేవి 8, 10, 12, 14, 17, 19 నంబర్లు. టాటా, మహీంద్రా, యూరప్ బండ్లలో 13 నంబరు ఎక్కువ తగులుతుంది, 16, 18 కూడా రావచ్చు. అందుకే సెట్టు కొనేముందు మీ బండి నట్లు ఏవో చూసుకోవడం మేలు. నంబరంటే మరేం కాదు, నట్టు ఎదురెదురు అంచుల మధ్య దూరం మిల్లీమీటర్లలో.

రైతు ఇళ్లలో ఇప్పటికే ట్రాక్టరు పానాలో, మోటారు పానాలో ఉంటాయి. ఆ మూట ముందు విప్పండి, సగం ఖర్చు మిగలొచ్చు. కాకపోతే ఒక చిక్కుంది. పాత ట్రాక్టర్ల పానాలు కొన్ని అంగుళాల లెక్కవి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. దాన్ని 12 నంబరు నట్టు మీద పెట్టి బలంగా తిప్పితే అంచులు గుండ్రమైపోతాయి. గుండ్రమైన నట్టును ఆ తర్వాత విప్పాలంటే ఉలి, సుత్తి, మెకానిక్, మన డబ్బు! అన్ని సైజులకూ పనికొస్తుందని స్క్రూ స్పానర్ కొనేవాళ్లకూ ఇదే గతి. దాని దవడ ఎంత బిగించినా కొంత కదులుతుంది. కుళాయిల పనికి బాగుంటుంది గానీ కారు నట్టుకు వద్దు.

మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ‘క్రోమ్ వెనేడియం’ అని ముద్ర ఉంటే చాలనుకోవద్దు, ముద్ర ఎవరైనా వేస్తారు. దుకాణంలోనే కొత్త బోల్టు ఒకటి అడిగి తీసుకుని దాని మీద పానా పెట్టి కదపండి. లొడలొడలాడితే పక్కన పెట్టేయండి. మన దేశంలో జలంధర్, లుధియానాలు చేతి పనిముట్లకు పేరున్న ఊళ్లు. టపారియా వంటి పాత పేర్లూ ఉన్నాయి. పేరున్నవాటికి నకిలీలూ ఉంటాయి కాబట్టి బిల్లిచ్చే దుకాణంలో కొనడమే నయం. విడివిడిగా ఆరు పానాలు తీసుకున్నా వెయ్యి రూపాయలు దాటవు. నా నూరు ముక్కల పెట్టెకు అంతకంటే ఎక్కువే పెట్టాను.

46 ముక్కల సాకెట్ల పెట్టె ఒకటి అంతటా కనిపిస్తుంటుంది. అది చెడ్డదేమీ కాదు. ఇరుకు సందుల్లో చిన్న నట్లకు హాయిగా పనిచేస్తుంది. చక్రం నట్టుకు మాత్రం దాని పిడి విరుగుతుంది తప్ప నట్టు కదలదు.

గాలి, కరెంటు

నన్ను ఒక్కటే కొనమంటే గాలి చూసే గేజీ కొంటాను. రెండు, మూడు వందల్లో వస్తుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 నుంచి 35 పీఎస్ఐ ఉంటుంది. మీ బండికి ఎంతన్నది డ్రైవరు తలుపు తీస్తే పక్కన అంటించిన చీటీ మీద రాసి ఉంటుంది. పొద్దున్నే బండి కదలకముందు చూడాలి, నడిచిన టైరు వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది. గాలి తగ్గిన టైరు అంచులు త్వరగా అరుగుతాయి, నూనె ఎక్కువ తాగుతుంది, ఎండాకాలంలో పగిలే ప్రమాదమూ ఉంది. కారులోని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించే గాలి పంపు సుమారు రెండు వేలు. అది భారమనుకుంటే కాలితో తొక్కే పంపు ఉంది. వ్యాయామం ఉచితం.

బ్యాటరీ పనికి మనకు కావాల్సింది ఆ పది నంబరే. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. పానా ఒక చివర ప్లస్సుకు, మరో చివర బండి ఇనుముకు తగిలితే నిప్పులు లేస్తాయి. ఉంగరం, వాచీ తీసి జేబులో వేసుకోండి. క్లాంపు మీద పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగితే పోతుంది. మూడు, నాలుగు వందల మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. బండి ఆపి ఉంచినప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2కు దిగితే సగమే. ఇంజను నడుస్తుంటే పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య ఉండాలి. లేదంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఛార్జింగ్‌ది కావచ్చు. కొత్త బ్యాటరీ కొనకముందు ఈ సంగతి తేలితే మల్టీమీటర్ ఖరీదు పదింతలు తిరిగొచ్చినట్టే.

వారాల తరబడి కదలని బండికి జంపర్ కేబుళ్లు కావాలి. ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్సుకు. నల్లది మంచి బ్యాటరీ మైనస్సుకు, దాని రెండో చివర చచ్చిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. తీగ సన్నగా ఉన్నవి కొనకండి, వేడెక్కుతాయే గానీ బండి స్టార్టవదు.

ఫ్యూజుల పొట్లం కొన్ని పదుల రూపాయలు. పోయిన ఫ్యూజు మీద ఏ అంకె ఉంటే అదే వేయాలి. పెద్దది వేసినా, రాగి తీగ చుట్టినా కాలేది ఫ్యూజు కాదు, బండి.

ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు

కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టకూడదు. ఈ మాట ఎంత చెప్పినా ఊళ్లలో కనిపించే దృశ్యం వేరు. జాకీ ఎత్తి, పక్కన సిమెంటు ఇటుకలు పేర్చి, కింద దూరి ఆయిల్ దించేస్తుంటారు. సిమెంటు ఇటుక పగులుతానని ముందు చెప్పదు. నిట్టనిలువుగా చీలిపోతుంది. మట్టి వాకిట్లో జాకీ ఒక పక్కకు దిగబడుతుంది, హ్యాండ్‌బ్రేకు వదులైతే బండి ముందుకు జరుగుతుంది. ఏది జరిగినా లోపలున్న మనిషికి బయటకు పాకే సమయం ఉండదు. చిన్న కారు కూడా ఏడెనిమిది వందల కిలోలు!

కిందికి వెళ్లే పని ఉంటే జాక్ స్టాండ్లు కొనాలి. కాళ్లున్న ఇనుప పీటల్లా ఉంటాయి, జత సుమారు రెండు వేలు. వాటి కింద మందపాటి చెక్క పలక వేయాలి. ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టాలి. బండిని కంపెనీ చెప్పినచోటే ఎత్తాలి, ఎక్కడపడితే అక్కడ ఎత్తితే రేకు లోపలికి పోతుంది. కింద దూరేముందు బండిని చేత్తో గట్టిగా ఊపి చూడాలి. పిల్లల్ని, కోళ్లను దూరంగా తరమాలి. స్టాండ్లకు డబ్బు లేదా? అయితే ఆ పని మెకానిక్‌కే ఇవ్వండి. ఆయిల్ మార్చి మిగుల్చుకునే కొన్ని వందల కోసం చేయదగ్గ సాహసం కాదిది. నేను స్టాండ్లు కొనడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ కిందికి వెళ్లలేదు.

రెండున్నర వేలతో మొదలు

ఆరు పానాలు, పొడుగు వీల్ పానా, గాలి గేజీ, రెండు రకాల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్, నెత్తికి పెట్టుకునే టార్చిలైటు. రెండున్నర వేలలోపు ఇవన్నీ వచ్చేస్తాయి. టార్చి దగ్గర నవ్వకండి. అడవిలో చీకట్లో ఒక చేత్తో సెల్లు, ఒక చేత్తో పానా పట్టుకుని చూస్తే దాని విలువ తెలుస్తుంది. గాలి పంపు, కేబుళ్లు, మల్టీమీటర్ మరో మూడు, నాలుగు నెలలాగి కొనుక్కోవచ్చు. మిగతావి పని పడినప్పుడు, ఒక్కొక్కటిగా. ఒక పనిముట్టు ఎరువు తెచ్చుకుని రెండుసార్లు వాడాల్సి వచ్చిందంటే అప్పుడు కొనండి. ఇది నా సొంత లెక్క.

పెట్టెకు కూడా ఖర్చు పెట్టలేదు నేను. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి మా అమ్మే సంచీ కుట్టింది. లోపల ఒక్కో పానాకు ఒక్కో అర. ఏది లేకపోయినా ఖాళీ అర కనిపిస్తుంది. ఎక్కువగా పోయేది పది నంబరే కాబట్టి దానికి మా అమ్మాయి గోళ్ల రంగు పూశాం, గడ్డిలో పడినా ఎర్రగా కనపడుతుంది.

అందులో పది నంబర్లు రెండున్నాయి. ఒకటి నేను కొన్నది. రెండోది నూనె మరకలది. ఆరోజు అమ్మను ఇంటికి చేర్చే తొందరలో ఆ కుర్రాడి పానా బ్యాటరీ పక్కనే మరిచిపోయి బండి లాగించేశాను. ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే అది అక్కడే ఉంది. పేరడగలేదు, ఊరడగలేదు. పాకాల దారిలో ట్రాక్టర్ ఎదురైనప్పుడల్లా వేగం తగ్గించి డ్రైవరు ముఖం చూస్తుంటాను.