తోడేలు మనిషి ప్రేమకథలు: అపోహలు – వాస్తవాలు

అమెరికన్ రచయిత టీజే క్లూన్ నవల 'వుల్ఫ్‌సాంగ్' 2016లో వచ్చింది. ఆరెగాన్ రాష్ట్రంలో గ్రీన్ క్రీక్ అనే చిన్న ఊరు. ఆక్స్ అక్కడి మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు. షెడ్డు యజమాని గోర్డో మంత్రగాడు, అతని చేతుల మీది పచ్చబొట్లలోనే మంత్రశక్తి ఉంటుంది. ఆక్స్ ఇంటికి దగ్గర్లో దిగిన బెనెట్ కుటుంబం తోడేలు మనుషులది. ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమే ఈ కథకు ప్రాణం. ఆ మాట చెవిన పడగానే పుస్తకం పక్కన పెట్టేసేవాళ్లున్నారు. తోడేళ్లనగానే పిల్లల కథ అనుకునేవాళ్లూ ఉన్నారు. చదవకుండానే ఇన్ని తీర్పులు మోస్తున్న సాహిత్యశాఖ మరొకటి ఉందనుకోను.

అపోహ: 'ఆల్ఫా' అంటే గుంపును భయపెట్టి ఏలే మగతోడేలు. ఈ నవలలు ఆ దౌర్జన్యాన్నే ప్రేమగా చూపిస్తాయి.

అడవిలో తోడేళ్లు అలా బతకవు. రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బోనులో ఉన్న తోడేళ్లను గమనించి 1947లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఒకదానికొకటి సంబంధం లేని జంతువులను ఒకే ఆవరణలో పెడితే కొట్టుకోక ఏం చేస్తాయి? ఆ కొట్లాటలోంచే 'ఆల్ఫా' భావన పుట్టింది. అమెరికన్ జీవశాస్త్రవేత్త డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకంతో అది లోకమంతా పాకింది. తర్వాత ఆయనే 1986 నుంచి కెనడా ఉత్తర కొసన ఉన్న ఎల్స్‌మీర్ దీవిలో అడవి తోడేళ్లను దగ్గరగా చూశాడు. గుంపు అంటే చాలావరకు అమ్మా నాన్నా పిల్లలేనని, నాయకత్వం అంటే తల్లిదండ్రుల బాధ్యతేనని 1999లో వ్యాసం రాశాడు. తన పాత పుస్తకాన్ని ఇక అచ్చువేయవద్దని ప్రచురణకర్తలను అడిగాడు కూడా. తన పేరు మోగించిన మాటను తానే వెనక్కి తీసుకోవడానికి ఎంత నిజాయితీ కావాలి!

దౌర్జన్యాన్ని మగతనంగా చూపించే తోడేలు నవలలు లేవని అనను, బోలెడున్నాయి. గ్రీన్ క్రీక్ కథ మాత్రం ఆ దారిలో పోదు. అక్కడ ఆదివారం వస్తే గుంపంతా కలిసి భోంచేయాలి, అది ఆ ఇంటి ఆచారం. గోర్డో తన షెడ్డు కుర్రాడు ఆక్స్‌కు పేరు కుట్టించిన పనిచొక్కా ఇస్తాడు. తండ్రి వదిలేసి వెళ్లిన పిల్లాడికి ఆ చొక్కా ఎంత పెద్ద విషయమో చదివితేనే తెలుస్తుంది. గుంపుకు దిక్కులేని రోజు వచ్చినప్పుడు దాన్ని కాచుకునేది తోడేలు కూడా కాదు, మామూలు మనిషి ఆక్స్. అలా కాచుకున్నందుకే అతను ఆల్ఫా అవుతాడు. శాస్త్రం ఆలస్యంగా ఒప్పుకున్న సంగతి నవలలో ఇలా పండింది.

అపోహ: మగవాళ్ల మధ్య అనురాగాన్ని తోడేలు కథల్లోకి ఈ కాలంవాళ్లు బలవంతంగా చొప్పించారు.

12వ శతాబ్దపు కవయిత్రి మారీ ద ఫ్రాన్స్ రాసిన 'బిస్క్లావ్రే' చూడండి. బ్రిటనీలో ఒక సామంతుడు వారానికి మూడు రోజులు మాయమవుతుంటాడు. భార్య గుచ్చిగుచ్చి అడిగితే చెప్పేస్తాడు: పాత చర్చి దగ్గర బోలు రాతిలో బట్టలు దాచి, తోడేలై అడవిలో తిరుగుతానని. ఆమె మరో వీరుడి చేత ఆ బట్టలు దొంగిలింపజేస్తుంది. ఇక అతను మనిషి కాలేడు. ఏడాది తర్వాత వేటకు వచ్చిన రాజు కుక్కలు తరుముతుంటే ఆ తోడేలు అతని రికాబు పట్టుకుని కాలు ముద్దాడుతుంది. రాజు దాన్ని కోటకు తెచ్చుకుని పక్కనే ఉంచుకుంటాడు. చివరికి బట్టలు దొరికినా నలుగురి ముందూ రూపం మార్చుకోవడానికి అది ఇష్టపడదు. రాజు తన పడకగదిలోకే పంపి తలుపు మూయిస్తాడు. తిరిగొచ్చి చూస్తే రాజు మంచం మీద మనిషి నిద్రపోతుంటాడు. రాజు పరుగున వెళ్లి కౌగిలించుకుని నూరుసార్లకు పైగా ముద్దు పెట్టుకుంటాడు.

ఆ కాలంలో ప్రభువుకూ సామంతుడికీ మధ్య ముద్దు విధేయతకు గుర్తు కూడా. కాబట్టి మారీ స్వలింగ ప్రేమకథే రాసిందని తేల్చేస్తే అది మరో అపోహ అవుతుంది. కానీ తోడేలు మనిషిని కట్టుకున్న భార్య వెళ్లగొడితే, అక్కున చేర్చుకున్నది ఒక మగవాడు. ఆ కథ ఎనిమిది శతాబ్దాలకు పైగా చదువుతూనే ఉన్నారు.

అపోహ: పౌర్ణమి, కాటు, వెండి తూటా పూర్వకాలపు జానపదుల నమ్మకాలు.

అక్కడక్కడా ఉన్నాయి. నియమాలుగా బిగించింది మాత్రం హాలీవుడ్డే. 1941 నాటి 'ది వుల్ఫ్ మ్యాన్'లో తోడేలు మనిషి చనిపోయేది వెండి పిడి ఉన్న చేతికర్రతో, తూటాతో కాదు. 2022లో మనం 'తోడేలు' పేరుతో చూసిన 'భేడియా' కూడా ఆ సినిమా బాటలోదే.

అపోహ: మంత్రగాళ్లనూ తోడేళ్లనూ కలపడం అమ్మకాల కోసం చేసే చిట్కా.

1691లో లివోనియాలో, అంటే నేటి లాత్వియా ప్రాంతంలో, థీస్ అనే ముసలి రైతు న్యాయస్థానంలో తాను తోడేలు మనిషినని ఒప్పుకున్నాడు. తాము దేవుడి వేటకుక్కలమని, మంత్రగాళ్లు నరకానికి ఎత్తుకుపోయిన పంటను తిరిగి తెస్తామని వాదించాడు. కొరడా దెబ్బలు, దేశ బహిష్కారం శిక్ష పడింది. తోడేళ్లూ మంత్రగాళ్లూ ఒకే కథలో ఉండటం అంత పాతది.

అపోహ: ఇలాంటి ప్రేమ విషాదంతోనే ముగియాలి.

ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913–14లో 'మారిస్' రాశాడు. ఇద్దరు మగవాళ్లు చివరికి కలిసి బతకాల్సిందేనని పట్టుబట్టాడు. అప్పటి ఇంగ్లండ్‌లో ఆ ప్రేమ నేరం, అందుకే ఆయన బతికుండగా ఆ నవల అచ్చుకాలేదు. ఆయన పోయిన మరుసటి ఏడాది 1971లో వచ్చింది. మన దగ్గర అలాంటి ప్రేమను నేరం చేసిన 377వ సెక్షన్‌ను 1860లో తెచ్చిపెట్టింది ఆ ఇంగ్లండే. పరస్పర ఇష్టంతో పెద్దవాళ్ల మధ్య ఉండే బంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చింది. నేటి రొమాన్స్ నవలకు సుఖాంతం తప్పనిసరి. గే రొమాన్స్‌కూ అదే నియమం.

అపోహ: 'వుల్ఫ్‌సాంగ్' ఉన్న గ్రీన్ క్రీక్ నవలల వరుసను ఎక్కడినుంచైనా మొదలుపెట్టవచ్చు.

వద్దు. 'వుల్ఫ్‌సాంగ్', 'రేవెన్‌సాంగ్', 'హార్ట్‌సాంగ్', 'బ్రదర్‌సాంగ్'. ఈ వరుసలోనే చదవాలి. ఒక్కో నవలలో ఒక్కో జంట ముందుకొస్తుంది కానీ వెనకాల శత్రువు కథ ఒక్కటే. గోర్డో గతం తెలియాలంటే 'రేవెన్‌సాంగ్' దాకా ఆగాలి. ఇవి పెద్దల పుస్తకాలు, శృంగార సన్నివేశాలు దాపరికం లేకుండా ఉంటాయి. అట్ట మీద తోడేలు ఉంది కదా అని పిల్లల చేతికి ఇవ్వకండి.