గాలి, నీడ కూడా ఇంటి హక్కే

ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ల కోసం ప్రభుత్వం భూమి సేకరిస్తే భూయజమానులు కోర్టుకెక్కారు. ఆ చమేలీ సింగ్ కేసులో 1995 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు భూసేకరణను సమర్థించింది. నివాస హక్కంటే తలమీద కప్పు ఒక్కటే కాదని, చాలినంత చోటు, వెలుతురు, మంచి గాలి కూడా అందులో భాగమేనని చెప్పింది. మన వాడల్లో ఆ మాట ఎంత అమలైందో ప్రతి మే నెలా చూపిస్తుంది. పగలంతా ఎండలో కూలి చేసిన ఒంటికి రాత్రి చల్లదనం కావాలి. కాగిన రేకుల కింద అది దొరకదు. ఏసీ కొనలేం కనుక ఇల్లు కట్టే తీరులోనే చల్లదనం ఉండాలి.

మొదటిది నీడ. వేసవి మధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందుకే అన్నిటికన్నా ఎక్కువగా కాగేది కప్పు. దానికి తెల్ల సున్నం వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడమటి గోడను కొడుతుంది. కిటికీపై సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. వసారానో, పందిరో, వేపచెట్టో కావాలి.

రెండోది గాలి. ఒకే కిటికీ ఉంటే వచ్చిన గాలికి పోయే దారి ఉండదు. ఎదురెదురు గోడలకు కిటికీలుండాలి. వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి కప్పుకు దగ్గరగా వెంటిలేటర్ పెట్టాలి. కేరళలో లారీ బేకర్ ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీ గోడలు కట్టారు. చట్రం, ఊచల ఖర్చు లేకుండానే గాలి, చాటు రెండూ దొరికాయి.

మూడోది వేళ. తెలంగాణ, రాయలసీమల పొడి వేడిలో పగలు కిటికీలు మూసి రాత్రి తెరవాలి. కోస్తా ఉక్కపోతలో గాలి ఆడుతూనే ఉండాలి.

ఇవన్నీ స్థలం కొలతలతోనే ముడిపడి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఇచ్చిన ఇళ్ల పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. సెంటంటే సుమారు 48 చదరపు గజాలు. నాలుగు పక్కలా గోడలు ఆనుకుంటే వెనక కిటికీ ఎక్కడ పెడతాం?

అందుకే లేఅవుట్ గీసేటప్పుడే, గ్రామసభలోనే అడగాలి: ఇళ్ల వరుసల వెనక సందు వదిలారా? పడమటి వైపు చెట్లకు చోటుందా? వెంటిలేటర్, కప్పుకు తెల్లపూత అంచనాలో ఉన్నాయా? తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ విధానం వచ్చింది. అది మన కాలనీలకు చేరిందా అని కూడా అడగాలి. సివిల్, ఆర్కిటెక్చర్ చదువుతున్న మన పిల్లలు ఆ ప్లాన్లు తెచ్చి వాడలో చదివి వినిపించాలి. పునాది పడ్డాక గోడను జరపలేం.